విండోస్ 11: కంప్యూటర్‌లో ఉన్నది 11.. సాఫ్ట్‌వేర్‌కు చెప్పేది 10! డీటీపీ సెంటర్లు తప్పక తెలుసుకోవాల్సిన వెర్షన్ నంబర్ల కథ

కొత్తగా విండోస్ 11 వేయించారు. సెట్టింగ్స్‌లో చూస్తే 11 అనే ఉంది. కానీ కొన్ని సాఫ్ట్‌వేర్లలో 'సిస్టమ్ వివరాలు' తెరిస్తే మాత్రం 'విండోస్ 10' అని చూపిస్తోంది. ఇంటర్నెట్‌లో 'మీ కంప్యూటర్ గురించి తెలుసుకోండి' అనే సైట్లలోనూ చాలాసార్లు అదే మాట. దీంతో షాపువాళ్లు మోసం చేశారేమోనని కొందరికి అనుమానం. ఇన్‌స్టాలేషన్ సరిగ్గా జరగలేదేమోనని ఇంకొందరికి భయం.

నిజానికి చాలా సందర్భాల్లో ఇక్కడ మోసమూ లేదు, పొరపాటూ లేదు. ఆపరేటింగ్ సిస్టమ్ తన గురించి సాఫ్ట్‌వేర్‌కు చెప్పుకునే వివరాలు ఎప్పుడూ పూర్తి నిజం కావు. కొన్నిసార్లు అది కావాలనే పాత నంబర్ చెబుతుంది. అలా చెప్పబట్టే విజయవాడ గవర్నర్‌పేట, ఏలూరు రోడ్డు పరిసరాల్లోని డీటీపీ సెంటర్లు, ప్రెస్సుల్లాంటి చోట్ల ఇరవై ఏళ్ల నాటి సాఫ్ట్‌వేర్లు కొత్త కంప్యూటర్లలోనూ నడుస్తున్నాయి. అసలు ఇదంతా ఎలా జరుగుతుంది? ఏ నంబర్‌ను నమ్మాలి? దేన్ని నమ్మకూడదు? ఓసారి చూద్దాం.

పేరు వేరు.. నంబర్ వేరు

విండోస్ 7, విండోస్ 10, విండోస్ 11.. ఇవన్నీ డబ్బా మీద పేర్లు. మనుషుల కోసం పెట్టినవి. సాఫ్ట్‌వేర్‌కు వీటితో పని లేదు. ఒక ప్రోగ్రామ్ స్టార్ట్ అయ్యేటప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌ను 'నీ వెర్షన్ ఎంత?' అని అడుగుతుంది. సిస్టమ్ మూడు అంకెలతో జవాబిస్తుంది. మొదటిది ప్రధాన నంబర్, రెండోది ఉప నంబర్, మూడోది బిల్డ్ నంబర్. ఆ జవాబును బట్టే ప్రోగ్రామ్ నడవాలా, 'మీ విండోస్ పాతది' అని ఆగిపోవాలా అనేది తేల్చుకుంటుంది.

పేర్లకూ, లోపలి నంబర్లకూ పొంతన ఎలా ఉందో చూడండి.

* విండోస్ 95: 4.0
* విండోస్ 98: 4.10
* విండోస్ 2000: 5.0
* విండోస్ ఎక్స్‌పీ: 5.1
* విండోస్ విస్టా: 6.0
* విండోస్ 7: 6.1
* విండోస్ 8: 6.2
* విండోస్ 8.1: 6.3
* విండోస్ 10: 10.0
* విండోస్ 11: ఇదీ 10.0నే!

అవును, చివరి రెండింటికీ ఒకే నంబర్. విండోస్ 7 లోపల 7 లేదు. విండోస్ 8 లోపల 8 లేదు. విండోస్ 11 లోపల 11 లేదు. తేడా అంతా మూడో అంకెలోనే ఉంది. విండోస్ 10 చివరి ఎడిషన్ అయిన 22హెచ్2 బిల్డ్ నంబర్ 19045. విండోస్ 11 మాత్రం 22000 నుంచి మొదలైంది. ఆ మూడో అంకెను పట్టించుకోని సాఫ్ట్‌వేర్‌కు విండోస్ 11 కూడా విండోస్ 10 లాగే కనిపిస్తుంది.

నంబర్ మార్చితే ఏమవుతుంది?

మైక్రోసాఫ్ట్‌కు నంబర్ మార్చడం చేతకాక కాదు. మార్చిన ప్రతిసారీ లక్షల మంది వాడే పాత సాఫ్ట్‌వేర్లు ఆగిపోయే ప్రమాదం ఉంది. దీనికి కారణం ప్రోగ్రామర్లు రాసే ఒక చిన్న తప్పు లెక్క.

ఉదాహరణకు ఒక సాఫ్ట్‌వేర్‌కు కనీసం ఎక్స్‌పీ కావాలనుకుందాం. అంటే 5.1 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. కానీ రాసినవాళ్లు తొందరలో 'మొదటి అంకె కనీసం 5, రెండో అంకె కనీసం 1 ఉండాలి' అని విడివిడిగా రాసేశారు. ఎక్స్‌పీలో అంతా బాగానే ఉంటుంది. కానీ విస్టా వచ్చేసరికి నంబర్ 6.0. మొదటి అంకె 6, సరిపోయింది. రెండో అంకె సున్నా, సరిపోలేదు! అంతే.. ఎక్స్‌పీ కంటే కొత్తదైన విస్టాను చూసి ఆ ప్రోగ్రామ్ 'మీ విండోస్ పాతది' అనేస్తుంది.

ఆ తర్వాత విండోస్ 7 వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ దానికి 7.0 అని పెట్టలేదు. 6.1 అని పెట్టింది. విస్టాకు అలవాటుపడిన సాఫ్ట్‌వేర్లు ఇబ్బంది పడకూడదనే ఈ నిర్ణయం తీసుకున్నట్టు 2008లో ఆ సంస్థే వివరించింది. పై ఉదాహరణలోని తప్పు లెక్కకు కూడా 6.1 చక్కగా సరిపోతుంది.

ఇది కొత్త తలనొప్పి కూడా కాదు. విండోస్ 95 రోజుల్లోనే మొదలైంది. అప్పటి 16 బిట్ ప్రోగ్రామ్‌లు చాలావరకు విండోస్ 3.10 కోసం రాసినవి. వాటిలోనూ ఇదే తరహా తప్పు లెక్కలు. 4.0 అని నిజం చెబితే అవి ఆగిపోతాయి. అందుకే విండోస్ 95 ఆ పాత ప్రోగ్రామ్‌లకు తన నంబర్ '3.95' అని చెప్పుకునేది. కొత్త 32 బిట్ ప్రోగ్రామ్‌లకు మాత్రం 4.0 అనే చెప్పేది. అంటే ఒకే కంప్యూటర్.. అడిగినవాళ్లను బట్టి రెండు జవాబులు!

ఊళ్లలో ఇంటి నంబర్లు మార్చినప్పుడు ఏం చేస్తారో గుర్తు చేసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గోడ మీద కొత్త డోర్ నంబర్ రాస్తారు. కానీ పక్కనే 'పాత డోర్ నంబర్' కూడా ఉంచుతారు. పాత అడ్రస్‌తో వచ్చే ఉత్తరం వెనక్కి పోకూడదు కదా. విండోస్ చేసేదీ అదే.

అడిగేవాళ్లను బట్టి జవాబు

విండోస్ 8.1 నుంచి ఈ పద్ధతిని మైక్రోసాఫ్ట్ ఇంకాస్త గట్టిగా అమలు చేసింది. పాత పద్ధతిలో వెర్షన్ అడిగే ప్రోగ్రామ్‌కు 8.1లో కూడా 6.2 అనే, అంటే విండోస్ 8 నంబరే వస్తుంది. అసలు నంబర్ కావాలంటే ఆ ప్రోగ్రామ్ తనతోపాటు 'మేనిఫెస్ట్' అనే చిన్న ఫైల్ తెచ్చుకోవాలి. 'నన్ను ఫలానా విండోస్ కోసం పరీక్షించారు' అని అందులో రాసి ఉండాలి. ఆ చీటీ ఉంటేనే నిజం చెబుతుంది. లేకపోతే పాత నంబరే.

విండోస్ 10తో ఒక్కసారిగా 6.3 నుంచి 10.0కు దూకారు. మేనిఫెస్ట్ లేని ప్రోగ్రామ్‌లకు ఆ కొత్త నంబర్ కనిపించదు కాబట్టి ఆ దూకుడు సాధ్యమైంది. అన్నట్టు విండోస్ 9 ఎందుకు రాలేదు? 'విండోస్ 9' అనే అక్షరాలతో మొదలైతే అది 95 లేదా 98 అనుకునే పాత ప్రోగ్రామ్‌లు ఉన్నాయని, వాటికి భయపడే 9ని దాటేశారని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. అలాంటి కోడ్ కొన్ని జావా ప్రోగ్రామ్‌లలో ఉన్నమాట వాస్తవమే. కానీ కారణం అదేనని మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఎప్పుడూ చెప్పలేదు.

విండోస్ 10 వచ్చింది 2015 జులై 29న. విండోస్ 11 వచ్చింది 2021 అక్టోబర్ 5న. ఈ రెండూ హైదరాబాద్‌కు చెందిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓగా ఉన్న కాలంలోనే విడుదలయ్యాయి. పేరు 11కు మారినా లోపల 10.0ని కదిలించలేదు. పాత జావా వెర్షన్లైతే విండోస్ 11ను కూడా విండోస్ 10 అనే పిలిచేవి. ఆ తర్వాతి అప్‌డేట్లలో దాన్ని సరిదిద్దారు. అంతెందుకు.. విండోస్ 11 సొంత రిజిస్ట్రీలోనే 'ప్రొడక్ట్ నేమ్' అన్నచోట ఇప్పటికీ విండోస్ 10 అని ఉంటుంది. దాన్ని చదివి చూపించే సాఫ్ట్‌వేర్ కూడా 10 అనే చూపిస్తుంది.

డీటీపీ సెంటర్లకు దీంతో పనేంటి?

తెలుగు పుస్తకాల ప్రచురణకు విజయవాడ పెట్టింది పేరు. ఇక్కడ టైపింగ్, పేజీ డిజైన్ పని చేసేవాళ్లకు పేజ్‌మేకర్, అను ఫాంట్స్ అంటే కొత్తగా చెప్పాల్సిన పని లేదు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0. అడోబీ దాన్ని విడుదల చేసింది 2001లో. ఆ తర్వాత ఆ సంస్థ ఇన్‌డిజైన్ వైపు వెళ్లిపోయింది.

అయినా తెలుగు డీటీపీ రంగం ఆ పాత సాఫ్ట్‌వేర్‌ను ఎందుకు వదల్లేదు? దానికీ ఒక కారణం ఉంది. విండోస్‌కు యూనికోడ్ తెలుగు వచ్చింది ఎక్స్‌పీతోనే, గౌతమి ఫాంట్‌తో. అంతకుముందు ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలుగు తెలియదు. అందుకే ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు పెట్టి ఫాంట్లు తయారు చేశారు. కంప్యూటర్ దృష్టిలో అవి ఇంగ్లిష్ అక్షరాలే. కంటికి మాత్రం తెలుగు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఆ ఫైల్ తెరిస్తే అర్థం కాని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వచ్చేది ఇందుకే. ఏళ్ల తరబడి కంపోజ్ చేసిన పుస్తకాలు, శుభలేఖలు, గైడ్లు అన్నీ ఆ పద్ధతిలోనే ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ మార్చడమంటే ఆ పాత ఫైళ్లన్నిటి గురించీ ఆలోచించుకోవాలి.

అందుకే కొత్త కంప్యూటర్ కొన్నా దాంట్లో పాత సాఫ్ట్‌వేర్ నడవాలి. ఇక్కడే 'కంపాటిబిలిటీ మోడ్' రంగంలోకి దిగుతుంది.

కంపాటిబిలిటీ మోడ్.. అధికారిక అబద్ధం!

పాత ప్రోగ్రామ్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, కంపాటిబిలిటీ ట్యాబ్‌లో 'విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3' లాంటిది ఎంచుకోవడం చాలామంది ఆపరేటర్లకు తెలిసిన చిట్కానే. కానీ దాని వెనుక జరిగేది ఏంటి?

ప్రోగ్రామ్‌కూ విండోస్‌కూ మధ్య ఒక పలుచని పొర వచ్చి కూర్చుంటుంది. దాన్ని 'షిమ్' అంటారు. ప్రోగ్రామ్ 'నీ వెర్షన్ ఎంత?' అని అడగ్గానే ఆ ప్రశ్నను మధ్యలోనే పట్టుకుని '5.1' అని జవాబిస్తుంది. ప్రోగ్రామ్ తాను ఎక్స్‌పీలోనే ఉన్నాననుకుని పని మొదలుపెడుతుంది. విశేషమేంటంటే ఈ సర్దుబాటుకు మైక్రోసాఫ్ట్ ఇంజినీర్లు పెట్టిన పేరే 'వెర్షన్ లై', అంటే వెర్షన్ అబద్ధం. ఈ మోడ్‌లో ఇంకొన్ని చిన్న సర్దుబాట్లు కూడా ఉంటాయి. వాటిలో ముఖ్యమైనది మాత్రం ఇదే.

అయితే ఈ అబద్ధంతో అన్ని పనులూ జరగవు. ఇవి గుర్తుంచుకోవాలి.

* 16 బిట్ ప్రోగ్రామ్‌లు: 64 బిట్ విండోస్‌లో ఇవి నడవవు. విండోస్ 11లో 32 బిట్ ఎడిషన్ అసలు లేదు. కాబట్టి ఏ మోడ్ పెట్టినా లాభం లేదు.

* డ్రైవర్లు: పాత ప్రింటర్, స్కానర్, హార్డ్‌వేర్ లాక్‌లకు కొత్త విండోస్‌కు తగ్గ డ్రైవర్ ఉండాల్సిందే. నంబర్ మార్చి చెబితే డ్రైవర్ పుట్టుకురాదు.

* యాంటీవైరస్, డిస్క్ టూల్స్: సిస్టమ్ లోతుల్లో పనిచేసే పాత సాఫ్ట్‌వేర్లను ఈ మోడ్‌లో నడపకూడదు. డేటా పోయే ప్రమాదం ఉంది.

* భద్రత: కంపాటిబిలిటీ మోడ్ పాత ప్రోగ్రామ్‌లోని లోపాలను సరిచేయదు. అది నడిచేలా చేస్తుంది, అంతే.

మోడ్ పెట్టినా పని జరగకపోతే కొత్త కంప్యూటర్‌లోనే 'వర్చువల్ మెషిన్' పెట్టి, అందులో పాత విండోస్‌ను నడుపుకోవచ్చు. దానికి ఇంటర్నెట్ కనెక్షన్ ఇవ్వకపోవడమే మంచిది. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో సపోర్ట్ ముగిసింది.

ఇంకో ముఖ్యమైన విషయం. పేజ్‌మేకర్ 6, 7 వెర్షన్ల ఫైళ్లను ఇన్‌డిజైన్ సీఎస్6 వరకే తెరవగలదు. ఆ తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్ సీసీ వెర్షన్లు వాటిని తెరవవు. అంటే నంబర్ మార్చి చెప్పి రోజులు నెట్టుకురావచ్చు కానీ, ఫైళ్లు మాత్రం రోజురోజుకూ ఒంటరవుతున్నాయి. మళ్లీ ముద్రించాల్సి వచ్చే పుస్తకాలుంటే, పాత సాఫ్ట్‌వేర్ నడుస్తున్నప్పుడే పీడీఎఫ్ కాపీ తీసి పెట్టుకోవడం, మ్యాటర్‌ను యూనికోడ్‌లోకి మార్చి దాచుకోవడం మేలు.

బ్రౌజర్ చెప్పేది అసలే నమ్మొద్దు

ఏ వెబ్‌సైట్ తెరిచినా బ్రౌజర్ ఆ సైట్‌కు ఒక పరిచయ వాక్యం పంపుతుంది. దాన్ని 'యూజర్ ఏజెంట్' అంటారు. అందులో బ్రౌజర్ పేరు, ఆపరేటింగ్ సిస్టమ్ పేరు ఉంటాయి. క్రోమ్ అయినా, ఎడ్జ్ అయినా ఆ వాక్యం 'మొజిల్లా' అనే మాటతోనే మొదలవుతుంది. ఒకప్పుడు నెట్‌స్కేప్ బ్రౌజర్ ఆ పేరుతో పరిచయం చేసుకునేది. మంచి పేజీలు ఆ పేరుకే ఇచ్చేవి కొన్ని సైట్లు. దాంతో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కూడా మొజిల్లాననే చెప్పుకుంది. తర్వాత వచ్చినవన్నీ అదే బాట పట్టాయి.

విండోస్ 11లో కూడా ఈ వాక్యం 'విండోస్ ఎన్‌టీ 10.0' అనే చెబుతుంది. దీన్ని మార్చబోమని, అసలు వెర్షన్ కావాలనుకునే సైట్లు 'క్లయింట్ హింట్స్' అనే కొత్త పద్ధతిలో విడిగా అడగాలని మైక్రోసాఫ్ట్ చెబుతోంది. అలా అడిగితే ఎడ్జ్, క్రోమ్ లాంటి బ్రౌజర్లు వేరే నంబర్ ఇస్తాయి. అది 13 లేదా ఆపైన ఉంటే విండోస్ 11 అని అర్థం. ఫైర్‌ఫాక్స్ ఈ పద్ధతిని పాటించదు.

మ్యాక్‌లోనూ ఇదే తంతు. 2020లో మ్యాక్ ఓఎస్ బిగ్ సర్ 11.0గా వచ్చినా, పాత టూల్స్‌తో తయారైన ప్రోగ్రామ్‌లకు 10.16 అని చెప్పుకుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలోని క్రోమ్ అయితే ఫోన్ ఏదైనా సరే సైట్లకు 'ఆండ్రాయిడ్ 10' అనే చెబుతుంది. ఇక్కడ కారణం వేరు. ఎక్కువ వివరాలు చెబితే ఆ ఫోన్‌ను, దాని ద్వారా మనిషిని గుర్తుపట్టి వెంటాడటం ప్రకటనల కంపెనీలకు తేలికవుతుంది. ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేసిన యాప్‌లకు మాత్రం అసలు వెర్షన్ తెలుస్తుంది. ఆండ్రాయిడ్ 13కు 33, ఆండ్రాయిడ్ 14కు 34.. ఇలా ఒక్కో వెర్షన్‌కు ఒక్కో 'ఏపీఐ లెవెల్' నంబర్ ఉంటుంది. 'ఈ యాప్ మీ ఫోన్‌లో పనిచేయదు' అని వచ్చే మెసేజ్‌కు తరచూ ఈ నంబరే కారణం.

లైనక్స్ కూడా ఈ అబద్ధానికి దూరం కాదు. 2011లో దాని కెర్నల్ 2.6 నుంచి 3.0కు మారినప్పుడు కొన్ని ప్రోగ్రామ్‌లు తికమకపడ్డాయి. వాటికోసం ఇంకా 2.6లోనే ఉన్నట్టు చెప్పే సదుపాయాన్ని లైనక్స్‌లో పెట్టారు.

ఈ పాప్‌అప్‌లతో జాగ్రత్త!

ఇదంతా తెలుసుకుంటే డబ్బులు కూడా కాపాడుకోవచ్చు. ఏదో సైట్ చూస్తుండగా 'మీ విండోస్ 10 పాతబడింది, వైరస్ చేరింది, వెంటనే ఈ నంబర్‌కు ఫోన్ చేయండి' అని స్క్రీన్ నిండా హెచ్చరిక వచ్చిందనుకోండి. మీ విండోస్ పేరు వాళ్లకు తెలిసిపోయిందని కంగారు పడొద్దు. బ్రౌజర్ ప్రతి సైట్‌కూ చెప్పే మాటే అది. విండోస్ 11 వాడేవాళ్లకు కూడా విండోస్ 10 అనే వస్తుంది. కంప్యూటర్‌లో వైరస్ ఉందో లేదో వెబ్ పేజీకి తెలియదు. అసలైన మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఉండదు. బ్రౌజర్ మూసేయండి. ఇప్పటికే డబ్బు కట్టి ఉంటే వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి.

అసలు నంబర్ ఎలా తెలుసుకోవాలి?

విండోస్ 10కు సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కాబట్టి ఉన్నది 10నా, 11నా అన్నది ఇప్పుడు చిన్న విషయం కాదు. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేవాళ్లకైతే మరీ ముఖ్యం. టాస్క్‌బార్ మధ్యలోకి వచ్చిందా, వాల్‌పేపర్ కొత్తగా ఉందా అని చూసి మోసపోవద్దు. ఇలా చేయండి.

* కీబోర్డ్‌లో విండోస్ గుర్తున్న కీ, ఆర్ కలిపి నొక్కండి. వచ్చిన బాక్స్‌లో 'విన్‌వర్' అని, అంటే డబ్ల్యూ, ఐ, ఎన్, వీ, ఈ, ఆర్ అక్షరాలు వరుసగా టైప్ చేసి ఎంటర్ కొట్టండి.

* వచ్చిన విండోలో పేరు కాదు, 'ఓఎస్ బిల్డ్' నంబర్ చూడండి. 22000 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే విండోస్ 11. 19045 లాంటి నంబర్ ఉంటే విండోస్ 10.

* విండోస్ 11 ఉంటే సరిపోదు. ఆ కంప్యూటర్‌కు టీపీఎం 2.0 ఉందో లేదో కూడా చూడాలి. అదే బాక్స్‌లో టీ, పీ, ఎం అక్షరాలు, చుక్క, ఎం, ఎస్, సీ అని టైప్ చేస్తే వివరాలు వస్తాయి. అర్హత లేని పాత కంప్యూటర్లలో అడ్డదారిలో విండోస్ 11 వేస్తే అప్‌డేట్లకు గ్యారంటీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది.

* విండోస్ 10లోనే ఉండాల్సి వస్తే, ఇళ్లలో వాడే కంప్యూటర్లకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకాన్ని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలో దానికి నమోదు చేసుకోవచ్చు.

ఇక ఏదైనా సాఫ్ట్‌వేర్ 'మీ విండోస్ పాతది' అంటూ ఆగిపోతే, వెంటనే కొత్త కంప్యూటర్ కొనేయాల్సిన పని లేదు. ముందు బిల్డ్ నంబర్ చూసుకోండి. తర్వాత ఆ సాఫ్ట్‌వేర్‌కు అప్‌డేట్ ఉందేమో చూడండి. లేకపోతే కంపాటిబిలిటీ మోడ్ ప్రయత్నించండి. చాలాసార్లు అక్కడ పాతబడింది కంప్యూటర్ కాదు, ఆ సాఫ్ట్‌వేర్ వేసుకున్న లెక్క.